పదో తరగతి నుంచి జారిపోయిన పాఠం: సంఘం 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. ఒక్కో కార్యక్రమానికి ఒక్కో పేరా చొప్పున రాయడం మనకు ఆనవాయితీ. ఈసారి దాన్ని పక్కన పెట్టినందుకు సభ్యులు మన్నించాలి. ఈ ఏడాది మన సమయాన్ని, ఓపికను, కొంతవరకు పరువును కూడా తీసుకున్న పని ఒక్కటే. అది శ్రీకాకుళం చుట్టుపక్కల బడిపిల్లలకు జీవపరిణామం గురించి చెప్పడం. నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

ఈ పని మనమెందుకు తలకెత్తుకోవాలని గత సర్వసభ్య సమావేశంలోనే కొందరు అడిగారు. కొవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించే పేరుతో, కేంద్ర స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2022లో పుస్తకాలను కుదించినప్పుడు, పదో తరగతి సైన్సులో ‘అనువంశికత, పరిణామం’ అన్న పాఠం కాస్తా ‘అనువంశికత’గా మిగిలింది. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో చెప్పిన మెండెల్ బఠానీలు ఉన్నాయి, పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ లేడు, శిలాజాలు లేవు, మనిషి పుట్టుపూర్వోత్తరాలు లేవు. దీన్ని సరిదిద్దాలని కోరుతూ 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, సైన్సు అభిమానులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉంది కదా అని ప్రభుత్వం వైపు నుంచి జవాబు వచ్చింది. అప్పట్లో మన రాష్ట్రంలో పదో తరగతికి వేరే పుస్తకం ఉండేది కాబట్టి ఆ గొడవ మనది కాదనుకుని ఊరుకున్నాం. 2024-25లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే మన పిల్లల చేతికీ వచ్చింది. అంతకుముందున్న రాష్ట్ర పుస్తకంలో డార్విన్ ఉండేవాడు. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికి, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉన్న కోటాసారస్ రాక్షసబల్లి ప్రస్తావన కూడా ఉండేది. ఆ పేజీలు చదివిన ఆఖరి బ్యాచ్ 2024 మార్చిలో పరీక్ష రాసి వెళ్లిపోయింది.

ఇంటర్‌లో చదువుకుంటారు కదా అనేవారితో కార్యవర్గం ఏకీభవించలేదు. ఇంటర్‌లో పరిణామం చదివేది బైపీసీ వాళ్లే. ఎంపీసీకి, సీఈసీకి, పాలిటెక్నిక్‌కి, ఐటీఐకి వెళ్లేవాళ్లు, చదువాపేసి చెన్నైకో హైదరాబాద్‌కో పనికి పోయేవాళ్లు ఈ పాఠాన్ని ఇక జన్మలో చూడరు. మన జిల్లా వంటి వలసల జిల్లాలో ఆ చివరి వరుస ఎంత పొడవో సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

పని మొదలుపెట్టేటప్పుడు పెద్ద గొడవలే ఎదురవుతాయనుకుని సిద్ధపడ్డాం, కానీ మాకు ఎక్కువగా ఎదురైంది మౌనం. ‘పరీక్షలో రాదు కదండీ, ఎందుకు కెలుక్కోవడం’ అన్న ఒక్క మాటతో చాలా చోట్ల తలుపు మూసుకుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం డేటన్ ఊళ్లో పరిణామం బోధించిన నేరానికి జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి న్యాయస్థానం 1925 జూలైలో 100 డాలర్ల జరిమానా వేసింది. ఆ చట్టం 1967 వరకు రద్దు కాలేదు. అక్కడ నిషేధం ఉంది కాబట్టి దాన్ని ధిక్కరించే ఉపాధ్యాయుడూ, వాదించే వకీళ్లూ దొరికారు. మన దగ్గర నిషేధమేమీ లేదు, ఏ ఉపాధ్యాయుడైనా నిక్షేపంగా చెప్పుకోవచ్చు. చెప్పకపోయినా అడిగేవారు లేరు. దీనితో పోరాడటం నిషేధంతో పోరాడటం కన్నా కష్టమని నా వ్యక్తిగత అభిప్రాయం.

నోరు తెరిచి అడిగినవారి పట్ల అందుకే మాకు గౌరవం కలిగింది. ఒక ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం జరుగుతుండగా ఒక తల్లి లేచి, ‘ఏటి మాస్టారూ, మా గుంటలకి మనం కోతుల్నుంచి పుట్టామని సెప్తన్నారట?’ అని నిలదీశారు. కోతి మనిషిగా మారడం మన పెద్దలెవరూ చూడలేదు కదా అని పక్కనున్న పెద్దాయన వంత పాడారు. ఈ రెండో మాట మనకు కొత్త కాదు. 2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ సహాయ మంత్రి అచ్చంగా ఇదే అన్నప్పుడు దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండించాయి. కానీ అకాడమీల ప్రకటన చదివి వినిపిస్తే ఆ తల్లికి ఒరిగేదేముంది? మా సభ్యుల్లో ఒకరైన విశ్రాంత ఉపాధ్యాయురాలు ఆమెను చుట్టరికం అడిగారు. మీ తాతగారి అన్నదమ్ముల్లో ఒకరు రంగూన్ వెళ్లి అక్కడే స్థిరపడిపోయారనుకుందాం, ఆయన మనవలు ఇప్పుడు మీకు ఏమవుతారు? అన్నదమ్ముల వరసే కదా, మీరు వాళ్లకు పుట్టలేదు, వాళ్లు మీకు పుట్టలేదు, పైన ముత్తాత ఒకడు ఉన్నాడు. మనిషికి, చింపాంజీకి ఉన్న చుట్టరికం అలాంటిదే, ఆ ముత్తాత మాత్రం సుమారు అరవై డెబ్బై లక్షల ఏళ్ల వెనక ఉన్నాడు. కోతులు మనుషులైతే ఇంకా కోతులెందుకున్నాయన్న ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది, రంగూన్ వెళ్లినవారు ఉన్నంత మాత్రాన ఊళ్లో ఉన్నవారు లేకుండా పోరు. ఆ తల్లి పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను. ‘అయితే మనం ఆటికి పాలోళ్లమన్న మాట’ (దాయాదులమని) అని నవ్వి కూర్చున్నారు. ఏడాది పొడవునా మేము వాడిన ఉదాహరణల్లో ఇంత బాగా పనిచేసినది మరొకటి లేదు.

సంఘంలో అసలు తగువు శ్రీకూర్మం దగ్గర వచ్చింది. కూర్మనాథస్వామి మన జిల్లాలోనే కొలువై ఉన్నాడు కాబట్టి, మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు అన్న వరుసను డార్విన్‌కు వంతెనగా వేద్దామని, దాంతో వ్యతిరేకత దానంతటదే తగ్గుతుందని కొందరు సీనియర్ సభ్యులు గట్టిగా ప్రతిపాదించారు. ఈ ఆలోచనను తేలిగ్గా తీసిపారేయలేం. దశావతారాల వరుస వెన్నెముక జీవుల పరిణామాన్ని తలపిస్తుందని గుర్తించినవారిలో జె.బి.ఎస్. హాల్డేన్ కూడా ఉన్నాడు. ప్రకృతి వరణానికి, అంటే పరిసరాలకు తగిన జీవులే ఎక్కువగా బతికి సంతతి పెంచుకుంటాయన్న డార్విన్ సూత్రానికి, గణితాన్ని సమకూర్చినవారిలో ఒకడైన ఆయన ఇంగ్లండ్ వదిలి మన దేశ పౌరుడై, ఆంధ్రలో మేనరికాల మీద పరిశోధన చేయించి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. అంతటివాడు చెప్పాక మనకేమి అభ్యంతరమని వారి వాదన.

రెండు సమావేశాలు వాదించుకున్నాక కార్యవర్గం ఆ దారి వద్దని తీర్మానించింది. అవతారమంటే దిగి రావడం. ఒకే స్వామి వేర్వేరు రూపాలు ధరించాడని భక్తులు నమ్ముతారు గాని, మత్స్యానికి కూర్మం పుట్టిందని ఎవరూ నమ్మరు. పరిణామమంటే ఒక దాని సంతానంలో తరతరాలుగా మార్పు పేరుకుని మరొకటి రావడం. ఈ రెంటినీ కలిపితే భక్తికీ న్యాయం జరగదు, శాస్త్రానికీ జరగదు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగని మాట్లాడినప్పుడు, అదే విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనలో చాలామంది తలెత్తుకోలేకపోయాం. వంతెన వేశాక దాని మీద ఎవరు ఎటు నడుస్తారో మన చేతుల్లో ఉండదు. ఈ తీర్మానంతో ఇద్దరు సభ్యులు అలిగారు, ఒకరు తిరిగి వచ్చారు, రెండోవారి కోసం కుర్చీ ఖాళీగానే ఉంచాం.

శ్రీకూర్మాన్ని మాత్రం వదులుకోలేదు. ఫిబ్రవరిలో ఒక పాఠశాల తొమ్మిదో తరగతి పిల్లలను గుడికి తీసుకెళ్లి, దర్శనం చేసుకోదలచినవారు చేసుకున్నాక, అక్కడ సంరక్షిస్తున్న నక్షత్ర తాబేళ్లను ముట్టుకోకుండా గంటసేపు గమనించమన్నాం. తర్వాత సముద్ర తీరంలో అటవీశాఖ వారు ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడే చోటికి తీసుకెళ్లాం. మెట్ట తాబేలుకు ఏనుగు కాళ్ల వంటి మొద్దు కాళ్లు, గుమ్మటం లాంటి డిప్ప ఉన్నాయని, అది తలనూ కాళ్లనూ లోపలికి లాక్కోగలదని, సముద్రపు తాబేలుకు తెడ్ల వంటి రెక్కలున్నాయని, అది తల లాక్కోలేదని పిల్లలే రాసుకున్నారు. సాయంత్రం రెండింటి ముంగాళ్ల ఎముకల బొమ్మలు పంచిపెట్టాం. భుజం దగ్గర ఒక ఎముక, మోచేతి కింద రెండు, ఆపైన మణికట్టు, వేళ్లు. ఒక పిల్లవాడు తన చేతిని తడుముకుని ‘సార్, నాకూ ఇంతే ఉన్నాయి’ అన్నాడు. మేము చెప్పదలచుకున్నది అతనే చెప్పేశాడు కాబట్టి ఉపన్యాసం రద్దు చేసి బస్సెక్కాం. శిలాజాలు చూపించమని అడిగిన పిల్లలకు మాత్రం నిరాశ మిగిలింది. మన తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లు భూగర్భంలో అంత వేడికీ ఒత్తిడికీ గురై రూపు మారినవి, వాటిలో శిలాజాలు వెతకడం వృథా.

ఫిబ్రవరి 12న, డార్విన్ పుట్టినరోజు సందర్భంగా పెట్టిన బహిరంగ సభకు జనం పలచగా వచ్చారు. ఆ రోజు మాఘ పౌర్ణమి అని, సగం ఊరు సముద్రస్నానాలకు వెళ్తుందని తేదీ ఖరారు చేసిన నాకు తట్టకపోవడం కార్యదర్శిగా నా పొరపాటు. వచ్చినవారిలో ఒకరు చెప్పిన మాటను మాత్రం తర్వాత ప్రతి బడిలో వాడుకున్నాం. అరసవల్లిలో రథసప్తమి రాష్ట్ర పండుగగా జరిగి వారమే అయింది, సూర్యనారాయణస్వామికి మొక్కి వచ్చిన పిల్లవాడే మర్నాడు బడిలో సూర్యుడు మండే వాయుగోళమని, భూమే దాని చుట్టూ తిరుగుతుందని చదువుతున్నాడు, ఏ తండ్రీ బడికి వచ్చి తగువు పెట్టుకోలేదు, మరి తాబేలు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పెట్టుకోవాలి అన్నది ఆయన ప్రశ్న.

తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో వ్యతిరేకత బైబిల్ ఆదికాండం వైపు నుంచి వచ్చింది. ఆరు రోజుల సృష్టిని కాదంటే పిల్లలను సభకు పంపేది లేదని అక్కడి చర్చి పాస్టరు సూటిగానే చెప్పారు. పరిణామాన్ని కేవలం ఊహగా కొట్టిపారేయలేమని 1996లో పోప్ రెండో జాన్ పాల్ అన్న సంగతి మేము గుర్తు చేశాం. తాము కాథలిక్కులం కామని ఆయన బదులిచ్చారు. మా తయారీ అంత అధ్వానంగా ఉంది. అయినా ఆయన మర్యాదగా టీ ఇప్పించి పంపారు, మాట కలిపే దారి మూసుకోలేదు.

ఆ మర్యాద మనవైపు నుంచి ఒకసారి లోపించింది. ఒక గ్రామంలో మన వక్త ఉత్సాహం పట్టలేక విగ్రహారాధన మీద వెటకారం చేశారు. పిల్లలు నవ్వారు, వెనక నిలబడ్డ తండ్రులు నవ్వలేదు. ప్రధానోపాధ్యాయుడికి మాట వచ్చింది, ఆ తర్వాతి రెండు తరగతులు రద్దయ్యాయి. అధ్యక్షులు, నేను వెళ్లి గ్రామపెద్దలకు క్షమాపణ చెప్పాం. ఇకపై దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చను బడి గుమ్మం బయటే వదిలి వెళ్లాలని నియమం పెట్టుకున్నాం. రాజ్యాంగం 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అని చెబుతోంది గాని, ఎదుటివారిని ఎగతాళి చేయమని చెప్పడం లేదు.

రైతు కుటుంబాల్లో మాకు ఆశ్చర్యం కలిగించేంత సులువుగా దారి దొరికింది. వరికి సుడిదోమ పడితే మొదట్లో పనిచేసిన మందు కొన్నేళ్లకు ఎందుకు పనిచేయదని అడిగితే, దోమ ‘మొండికేసింది’ అని చెప్పని రైతు లేడు. మందుకు ఏ ఒక్క దోమా అలవాటు పడదని, ముందే కొంత తట్టుకునే గుణం ఉన్న నాలుగు దోమలు బతికి వాటి పిల్లలే పొలమంతా నిండుతాయని వివరిస్తే చాలు, డార్విన్ పేరు ఎత్తకుండానే ప్రకృతి వరణం అర్థమైపోతుంది. సీతంపేట వైపు నుంచి వచ్చిన గిరిజన విద్యార్థుల వసతిగృహంలో సికిల్‌సెల్ వ్యాధి గురించి మాట్లాడాం. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ జన్యువు వస్తే జబ్బు చేస్తుంది, ఒక వైపు నుంచే వస్తే ప్రమాదకరమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది, అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తరతరాలుగా ఆ జన్యువు నిలిచిపోయింది. ఈ జబ్బు తమ పాపమో శాపమో కాదని తెలిసినప్పుడు ఆ పిల్లల ముఖాలు తేటపడటం చూశాం. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం కింద రక్తపరీక్ష చేయించుకోవడానికి చాలామంది అక్కడికక్కడే పేర్లు ఇచ్చారు.

మా భాష కూడా కొంత అడ్డుపడింది. ప్రకృతి వరణం అంటే పిల్లలు ‘ఆవరణం’ అనుకున్నారు, ఉత్పరివర్తనం పలకడానికే నోరు తిరగలేదు. తరగతిలో ‘ఏరివేత’ అని, ‘జన్యువులో తేడా’ అని చెప్పి, పుస్తకం మాటను చివర పలక మీద రాయడం మొదలుపెట్టాక పని సాఫీగా సాగింది. ఒక ప్రైవేటు పాఠశాల యాజమాన్యం ముందు రోజు రాత్రి ఫోన్ చేసి తరగతి రద్దు చేసింది, కారణం చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇతర కార్యక్రమాల విషయానికొస్తే, వర్షాకాలంలో పాముకాటు అవగాహన సభలు, రెండు రక్తదాన శిబిరాలు, వేసవి గ్రంథాలయం యథావిధిగా నడిచాయి. గ్రంథాలయానికి కొత్త బీరువా అవసరం అలాగే ఉంది. జమాఖర్చుల పట్టికను ఆడిటరు సంతకంతో విడిగా జతపరిచాం.

వచ్చే ఏడాది తాబేళ్ల యాత్రకు మరో మూడు పాఠశాలలు అడుగుతున్నాయి. తీరంలో గుడ్ల నుంచి పిల్లలు బయటపడే రోజులు పదో తరగతి పరీక్షల కాలంతో కలిసి వస్తున్నందున, ఎనిమిది, తొమ్మిది తరగతులకే యాత్ర పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. అటవీశాఖ అనుమతికి డిసెంబరులోపే లేఖ పెట్టాలి. బస్సు ఖర్చు భరించగలిగిన సభ్యులు, ఈసారి తేదీలు ఖరారు చేసే ముందు పంచాంగం చూసిపెట్టగలిగిన సభ్యులు నన్ను సంప్రదించవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి
శ్రీకాకుళం