వార్షిక నివేదిక: కొండవాలు, కాలువ గట్టు ఇళ్ల భద్రత

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి మన బస్తీ సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగింది, కొండవాలు జారి ఇళ్ల మీద పడకుండా పెద్ద రక్షణ గోడ. కార్యవర్గం మాత్రం ఈ ఏడాది డబ్బూ శ్రమా వాలు మీది నీటిని మళ్లించే కాలువల మీద పెట్టింది. దీనిమీద కొందరికి ఇంకా కినుక ఉంది కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాం.

వాలును జార్చేది ఎక్కువగా మట్టిలోకి దిగిన నీరు. కొద్దిపాటి తేమ ఉన్నంతవరకు మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. సందులన్నీ నీటితో నిండాయంటే ఆ ఒత్తిడికి పట్టు సడలిపోతుంది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. 50 చదరపు మీటర్ల రేకుల ఇంటి మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు! అదంతా చూరు నుంచి కారి కింది ఇంటివాళ్ల గోడ వెనకే ఇంకుతుంది. స్నానాల నీళ్లు, అంట్లు కడిగిన నీళ్లు, కారే పైపులు ఎలాగూ ఏడాది పొడవునా ఉన్నవే. వానాకాలం మొదలయ్యేసరికే మన వాలు నాని ఉంటోంది.

కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో ఇలాంటి బస్తీల్లోనే వాలుకు అడ్డంగా కాలువలు కట్టి, కప్పుల నీటిని, వాడుక నీటిని వాటిలోకి మళ్లించారు. పనిచేసిందీ చాలావరకు ఆ బస్తీలవాళ్లే. 2010లో టోమస్ తుపాను వచ్చినప్పుడు ఆ పని జరిగిన వాలులు నిలబడ్డాయి. మనమూ అదే దారి పట్టాం. పై వరుస ఇళ్లకు చూరు గొట్టాలు బిగించి అడ్డకాలువలో కలిపాం. మధ్య వరుసలో పని సగంలో ఉంది, కింది వరుస ఇంకా మొదలుపెట్టలేదు.

గోడ వద్దని మేం అనలేదు. ఉన్న గోడను ముందు చూసుకుందామన్నాం. మెట్లదారి పక్క గోడకు నీరు బయటికి పోవడానికి వదిలిన వీప్ హోల్స్‌లో సగానికి పైగా గుడ్డపీలికలు, సిమెంటు ముద్దలు కనిపించాయి. వాకిట్లో బురద పడుతోందని కుక్కినవారి ఇబ్బంది మాకూ తెలుసు. కానీ నీరు వెనకే నిలిచిపోతే గోడ ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకే కన్నాలన్నీ తెరిపించి, కింద చిన్న తూము కట్టించాం. దయచేసి మళ్లీ మూయకండి.

హాంకాంగ్‌లో 1972 జూన్ 18న ఒక్కరోజే రెండు చోట్ల కొండచరియలు విరిగి 138 మంది చనిపోయారు. 1976లో మరోసారి ప్రాణాలు పోయాక, 1977లో వాలుల భద్రతకు ప్రత్యేక ఇంజనీరింగ్ కార్యాలయం పెట్టారు. ఇప్పుడక్కడ మనిషి కోసిన పెద్ద వాలులకూ రక్షణ గోడలకూ నంబరు ఉంటుంది, నిర్వహణ ఎవరిదో రాసి ఉంటుంది. ఆ పద్ధతి మాకు నచ్చింది. మన కోతలకు, గోడలకు రంగుతో నంబర్లు వేశాం, ఒక్కోదానికి ఇద్దరు బాధ్యులు. పగులు కనిపిస్తే దాని రెండు చివర్లా పెన్సిల్ గీత గీసి తేదీ రాయాలి. పగులు గీత దాటిందంటే కార్యదర్శికి ఆ పూటే చెప్పాలి.

కాలువ గట్టు వైపు పూడికతీత వానలకు ముందే శ్రమదానంతో అయింది. తీసిన పూడికను గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే తిరిగి కాలువలో పడుతుంది, అందుకే బండ్లు పెట్టి తరలించాం. రోడ్డు కింది తూము వెడల్పు చేయమని పెట్టుకున్న అర్జీకి సంబంధిత శాఖ నుంచి రసీదు తప్ప జవాబు లేదు.

రాత్రి హెచ్చరికకు ఇంటింటికీ ఫోన్ వరుస తయారైంది. నడవలేనివారి ఇళ్లు ఆ జాబితాలో మొదట ఉన్నాయి, వారిని ఎవరు మోయాలో కూడా రాశాం. తలుపు ఉన్నట్టుండి బిగుసుకున్నా, స్తంభం ఒరిగినా, వాలు నుంచి బురదనీరు ఊరినా ఫోన్ కోసం చూడకుండా బయటికి వచ్చేయండి. జోరువానలో వాగు నీరు హఠాత్తుగా తగ్గితే సంతోషించొద్దు: పైన ఎక్కడో మట్టి అడ్డుపడి ఉండొచ్చు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు. వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలున్నాయి: కింది వరుసకు చూరు గొట్టాలు, వాలు అడుగును కోసి గదులు కలుపుకోవడంపై నిషేధం. రెండోదానికి వ్యతిరేకత ఉంటుందని తెలుసు, అయినా సమావేశంలో పెడుతున్నాం. అద్దెకు ఉంటున్నవారికీ ఈసారి ఓటు ఉంది.

— కార్యవర్గం