క్యాపు ఎత్తుగా తగులుతోందా? రండి, డబ్బులడగం

దసరా తర్వాత మా పళ్ళాసుపత్రిలో పంటికి క్యాపులు, అంటే పన్ను మీద వేసే తొడుగులు, వేయించుకున్నవాళ్ళలో తొమ్మిదిమందికి వాటిని తీసి మళ్ళీ కొత్తవి వేయాల్సొచ్చింది. పర్లాకిమిడి ఎంత ఊరని? నేను చెప్పకపోయినా కూరగాయల బజార్లో మీకెలాగూ తెలుస్తుంది. అందుకని నేనే చెప్పేస్తున్నాను.

పోయిన ఏడాది అప్పు చేసి, పళ్ళ కొలత తీసే స్కానర్ కొన్నాను. "ఇక నోట్లో పేస్టు కూరడం లేదు, డోకు రాదు" అని గోడకి బోర్డు కూడా తగిలించాను. డోకు మాట నిజమే. ఇదివరకు ట్రే నిండా పుట్టీ పెట్టి, అది గట్టిపడేదాకా నోరు తెరిచి కూర్చోమనేవాళ్ళం. ఆ అచ్చుని డబ్బాలో సర్ది, పాతపట్నం మీదుగా బస్సులో విశాఖపట్నం ల్యాబుకి పంపేవాళ్ళం. ఇప్పుడు పన్ను బొమ్మ కంప్యూటర్లో తయారై క్షణాల్లో అక్కడికి చేరిపోతుంది. ఇంతవరకూ బోర్డులో అబద్ధం లేదు.

చిక్కు ఎక్కడంటే, స్కానర్ కూడా కెమెరాయే. వెలుగు పడిందే దానికి కనిపిస్తుంది. క్యాపు కోసం పన్ను అరగదీసినప్పుడు అంచు చాలాసార్లు చిగురు కిందికి పోతుంది. అక్కడ కాస్త ఉమ్మో నెత్తురు చుక్కో ఉంటే స్కానర్ దాన్నీ పన్నే అనుకుంటుంది. అందుకే ముందు చిగురు పక్కన సన్నటి దారం దోపాలి, నాలుగు నిమిషాలు ఆగాలి, గాలి కొట్టి ఆరబెట్టాలి, ఆ తర్వాతే స్కాన్ చేయాలి. బయట బెంచీ నిండా జనం ఉన్న రోజుల్లో నేను ఆ దారం దగ్గర తొందరపడ్డాను. తెర మీద బొమ్మ రంగురంగులుగా, గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తుంటే అందులో లోపముందని అనిపించదు మరి.

రెండో తప్పు కొరుకు దగ్గర. పై పళ్ళూ కింది పళ్ళూ ఎక్కడ కలుస్తాయో చూడ్డానికి నోరు మూయించి ఇంకోసారి స్కాన్ చేస్తాం. మత్తింజక్షన్ చేసిన దవడతో ఎవరూ సరిగ్గా కొరకరు, ఓ పక్కకి జరిపి కొరుకుతారు. ఆ కొలతతో చేసిన క్యాపు ఎత్తుగా తగులుతుంది, రెండ్రోజులకి పన్ను సలుపు మొదలవుతుంది. తప్పు ల్యాబుది కాదు, మిషన్‌దీ కాదు, నాది. ఇప్పుడు కొరుకు కొలత మత్తు ఇవ్వకముందే తీసుకుంటున్నాను.

ఇంకోటి. నోరు మూడు వేళ్ళ మందం తెరుచుకోవాలి. పాన్ మసాలా, గుట్కా ఏళ్ళ తరబడి నమిలినవాళ్ళకి అందులోని వక్క వల్ల బుగ్గలు లోపల నారలా బిగుసుకుపోతాయి, రెండు వేళ్ళు దూరడమే కష్టం. అలాంటి నోట్లో స్కానర్ తల వెనక దవడదాకా పోదు. నేను బలవంతంగా తోసి ఒకాయన్ని బాధపెట్టాను కూడా. ఇకమీదట అలాంటివాళ్ళకీ, అంచు బాగా లోతుకి పోయిన పళ్ళకీ పాత పుట్టీయే. మిగతావాళ్ళకి స్కానర్. దేనితో కొలత తీసినా క్యాపు రేటు ఒక్కటే. గోడ మీది బోర్డు తీసేశాను.

ఇలా అంటే మిషన్లన్నీ దండగని కాదు. ఎక్స్‌రే సెన్సర్, మేం ఆర్వీజీ అంటామే, అది లేకుండా ఇప్పుడు రూట్ కెనాల్ మొదలుపెట్టను. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టిన కొద్ది వారాలకే వాల్‌కాఫ్ అనే జర్మన్ పళ్ళ డాక్టరు తన పళ్ళకే ఫొటో తీసుకున్నాడు, దానికి 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సొచ్చింది. ఇప్పుడు సెకనులో చిన్న వంతు చాలు, ఫిల్ము కడిగే పనీ లేదు. "కరెంటు ఒంట్లోకి పోతుందా" అని అడిగేవాళ్ళకి ఓ మాట: ఒక్క పంటి ఫొటోకి పడే రేడియేషన్, మామూలుగా ఒక రోజులో నేల నుంచీ ఆకాశం నుంచీ మన మీద పడేదానికి ఇంచుమించు సమానం. ఛత్రపురం తీరాన ఇసకలో మోనజైట్ అనే రేడియేషన్ వెలువరించే ఖనిజం ఉంటుంది కాబట్టి అక్కడివాళ్ళకి రోజూ ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అయినా గర్భంతో ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, ఆగగలిగిన ఫొటో అయితే ఆపుతాం. పిల్లల్ని తెచ్చేవాళ్ళకి వేరే మనవి. సెన్సర్ వైరు కొరకనివ్వకండి. కాశీనగర్ నుంచి వచ్చిన ఒక బుడతడు దాన్ని చెరుకు ముక్కలా నమిలాడు. ఆ సెన్సర్ ఖరీదుకి మంచి పాడిగేదె వస్తుంది.

రూట్ కెనాల్లో వేరు పొడవు చెప్పే మిషన్ కూడా వచ్చింది. పెదవికి ఒక కొక్కెం తగిలిస్తాం, ఇంకో కొస సూదికి. సూది వేరు చివరికి చేరుతుంటే బీప్‌బీప్‌మని మోగుతుంది. అది మీ గుండె మిషన్ కాదు, కంగారు పడకండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం కుర్చీ ఎక్కకముందే చెప్పాలి.

నిజానికి అన్నిటిలోకీ ఎక్కువ పనికొచ్చింది అన్నిటికంటే చవగ్గా కొన్నదే. పెన్నంత కెమెరా. మెళియాపుట్టి వైపు నుంచి ఒక మామ్మ కదులుతున్న పన్ను పీకించుకోడానికి వచ్చింది. అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. మన వైపు ఆడవాళ్ళలో ఇదెంత పాతదంటే, 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది అంగిళ్ళు చూశారు. వట్టి మాటలతో చెబితే మామ్మలు వినరు. కెమెరా అంగిలి కేసి తిప్పాను. తెర మీద తెల్లగా మందం కట్టిన చర్మం, మధ్యమధ్య ఎర్ర చుక్కలు, ఓ పక్కన పుండులాంటిది. చాలాసేపు కళ్ళార్పకుండా చూసింది.

"ఇది నా నోరేనేటి బావూ? పొయ్యిమీద మాడిన సట్టి అడుగులాగుంది."

బరంపురం మెడికల్ కాలేజీకి రాసిచ్చాను. వాళ్ళబ్బాయి తీసుకెళ్ళి ముక్క పరీక్ష చేయించాడు, క్యాన్సర్ లేదని వచ్చింది. మొన్న మళ్ళీ వచ్చినప్పుడు చుట్ట మానేశావా అని అడిగాను. "మాన్లేదు బావూ, తిప్పినాను," అంది. నిప్పు ఇప్పుడు బయటికట. ఏం చెప్పాలో తెలీక మూణ్ణెల్లకోసారి ఆ కెమెరా కిందికి రమ్మన్నాను. డబ్బులు తీసుకోను. గుడాఖుతో, అంటే పొగాకు పేస్టుతో, పళ్ళు తోముకునేవాళ్ళకీ, ఖైనీ పెట్టుకునేవాళ్ళకీ కూడా ఇదే మాట.

దవడని అన్ని వైపుల నుంచీ చూపించే 3డీ ఎక్స్‌రే ఎందుకు పెట్టలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు. పెట్టను. జ్ఞానదంతం నరానికి ఆనుకుని ఉన్నప్పుడో, ఇంప్లాంట్ వేసేటప్పుడో అది కావాలి, నెలకి ఒకరిద్దరు తగులుతారు. వాళ్ళని బరంపురమో విశాఖో పంపుతాను. ఆ మిషన్ కోసం అంత అప్పు వాయిదా నెత్తిన పెట్టుకుంటే అక్కర్లేనివాళ్ళకీ ఫొటో తీయాలనిపిస్తుంది. నా సంగతి నాకు తెలుసు.

పనిముట్ల పొట్లాం మీ ఎదురుగానే చింపమని మా అమ్మాయిలకి చెప్పాను. చింపకపోతే మీరే అడగండి. పనిముట్లని ఆవిరితో క్రిములు లేకుండా చేసే ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర నడుస్తుండగా కరెంటు పోతే మళ్ళీ మొదటికే. మీరు గంట ఆలస్యమైందని విసుక్కునే రోజుల్లో సగం ఆ సంగతే.

ఇంకో సిగ్గుపడే సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది, మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడిన ఊరు. ఇక్కడ కూర్చుని నేను ఇన్నాళ్ళూ పన్ను పీకాక ఏం తినాలో ఇంగ్లీషు కాగితం మీద అచ్చేసి ఇచ్చాను. ఇప్పుడు ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. తప్పులుంటే దిద్దండి.

దసరా తర్వాత క్యాపు వేయించుకున్నవాళ్ళు, నొప్పి లేకపోయినా సరే, ఒకసారి వచ్చి కనపడండి. సాయంత్రం నాలుగింటి తర్వాత అయితే బెంచీ ఖాళీగా ఉంటుంది. మత్తు ఇవ్వం, నీలం కాగితం కొరికించి చూస్తాను, అయిదు నిమిషాల పని. పాత చీటీ పోయినా పర్లేదు.