బాలింతకు తోడు: మన మహిళా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. పొదుపు లెక్కల సంగతి చివర్లో రెండు మాటల్లో రాశాను. మిగతాదంతా బాలింతల పని గురించే, ఎందుకంటే ఈ ఏడాది మన సమయమూ మనసూ దాని మీదే పెట్టాం.

ఊళ్లోకి కాన్పై వచ్చిన ప్రతి అమ్మాయి దగ్గరికీ మొదటి వారంలోనే మనలో ఒకరం వెళ్లాలని గత సమావేశంలో అనుకున్నాం. ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్ ఎలాగూ వెళ్తారు, వాళ్ల పని మనం చేయక్కర్లేదు. కానీ వాళ్లు వెళ్లిపోయాక, రాత్రి పదింటికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. "నీకు పాలు పడలేదే, డబ్బా తెప్పించు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆ సమయంలో పిలిస్తే వచ్చే మనిషి వీధిలో ఒకరుండాలి.

ఏడాదంతా మేం ఎక్కువగా విన్నది ఆ "పాలు పడలేదు" అన్న మాటే. దాదాపు ప్రతిసారీ అది కాన్పైన రెండో రోజో మూడో రోజో. అప్పుడు ఉండేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, చెంచాతో కొలిచేంత కొద్దిగా ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకి ఆ కాస్తే సరిపోతుంది. పాలు నిండుగా దిగేది మామూలుగా మూడో రోజు నుంచి. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా టెన్షన్ పడి డబ్బా పాలు పట్టేస్తే బిడ్డ కడుపు నిండి నిద్రపోతుంది, రొమ్ము చీకదు. చీకకపోతే పాలు ఊరవు. బిడ్డ చీకినప్పుడల్లా తల్లి శరీరంలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి పాలు తయారవుతాయి. రాత్రిపూట అది మరీ ఎక్కువ. అందుకే "రాత్రి నువ్వు పడుకో, నేను సీసా పడతాను" అని ప్రేమతో చేసే సాయమే పాలు తగ్గిపోవడానికి కారణమవుతోంది.

మొదటి మూడు నెలలు ఈ సంగతులన్నీ అమ్మాయిలకే చెప్పాం. వాళ్లు తలూపేవారు, మర్నాడు వెళ్తే సీసా మంచం పక్కనే ఉండేది. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. అక్కడ బాలింత మాట కన్నా అమ్మమ్మ మాటే చెల్లుతుంది. జూలై నుంచి ముందు అమ్మమ్మ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాం. ఈ ఏడాది మనం నేర్చుకున్నవాటిలో ఇదే పెద్దదని నా నమ్మకం.

అమ్మమ్మలకి తెలిసిన మంచిని మేం కాదనలేదు. తెలగపిండి ములగాకు కూర, వెల్లుల్లి, సొరచేప పుట్టు పెడతామంటే సంతోషంగా పెట్టమన్నాం. ఒళ్లు అలిసిన పిల్లకి అది బలమైన తిండే. కానీ పాలు ఊరడానికి అసలు మందు బిడ్డ నోరే అని చెప్పాం. పథ్యం పేరుతో మంచినీళ్లు తగ్గించొద్దన్నాం, దాహం వేసినప్పుడల్లా ఇవ్వమన్నాం. బిడ్డకి మాత్రం పంచదార నీళ్లు, ఆముదం, తేనె ఏవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేవరకు ప్రమాదం. మే నెల ఎండల్లో కూడా ఆరు నెలల్లోపు బిడ్డకి నీళ్లు పట్టక్కర్లేదు, తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. ఇంకో సంగతి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పసిబిడ్డ చన్నులు ఉబ్బితే పిండుతున్నారు. ఆ ఉబ్బు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేదే, దానంతటదే పోతుంది. పిండితే చీము పట్టవచ్చు.

ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాల్లో అంగన్‌వాడీ దగ్గర జరిపిన సమావేశానికి అందుకే ఈసారి అమ్మమ్మల్నీ నానమ్మల్నీ ముందు వరసలో కూర్చోబెట్టాం. ఒక పెద్దావిడ లేచి, "మా రోజుల్లో ముర్రుపాలు పిండి పారబోయించారమ్మా, నా చేత్తో నేనే పారబోశాను" అని కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత మేం పెద్దగా మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

రెండో పెద్ద సమస్య చనుమొనలు పగలడం. నొప్పికి భయపడి పాలు మానేసినవాళ్లున్నారు. చాలాసార్లు తప్పు బిడ్డని పట్టుకునే తీరులోనే ఉంది. తల్లి వంగి రొమ్ముని బిడ్డ నోట్లో పెట్టకూడదు, బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకి ఆనాలి. నోరు బాగా తెరిచాక, మొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకి తగులుతూ, కింది పెదవి బయటికి తిరిగి ఉంటే సరిగ్గా పట్టినట్టు. నొప్పి తగ్గకపోతే బిడ్డ పెదవి మూల నుంచి చిటికెన వేలు పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి. పగిలిన చోట సబ్బు రుద్దకుండా, చివర్లో వచ్చే పాలచుక్కలే రాసి గాలికి ఆరనివ్వమన్నాం. సిజేరియన్ కుట్లున్నవాళ్లకి పక్కకి తిరిగి పడుకుని పట్టడం, లేదా బిడ్డని చంక కింద పెట్టుకుని పట్టడం నేర్పించాం. ఎన్ని మాటలు చెప్పినా పక్కన కూర్చుని ఒకసారి చూపించడంతో సమానం కాదు. కొత్తగా చేరే సభ్యులు ముందు ఇది నేర్చుకోవాలి.

పాలు గడ్డకట్టినప్పుడు ఆ రొమ్ము పట్టకూడదనే అపోహ ఇంకా పోలేదు. ఆపితేనే ముదురుతుంది. కాసేపు వెచ్చటి గుడ్డ వేసి, కొద్దిగా చేత్తో పిండి మెత్తబడ్డాక బిడ్డకి పట్టాలి. తర్వాత చల్లటి గుడ్డ వేయాలి. గట్టిగా పిసకకూడదు. ఎర్రబడి, చలిజ్వరం వస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. మందులు వాడుతూ కూడా చాలావరకు పాలు ఇవ్వవచ్చు.

ఒక పొరపాటు సభ్యుల ముందు దాచకుండా చెప్పాలి. అక్టోబర్‌లో ఒక బిడ్డ ఐదో రోజుకి ఏడవకుండా, పాలకి లేవకుండా నిద్రపోతుంటే "నెమ్మదైన బిడ్డ" అనుకున్నాం. తడి గుడ్డలు లెక్కపెట్టలేదు. ఐదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లయినా మూత్రం పోయాలి. ఆ బిడ్డ గుడ్డ మీద ఇంకా ఇటుకరంగు మరకే ఉంది. ఏఎన్ఎం గారు చూసి వెంటనే పంపించారు. బరువు బాగా తగ్గి, కామెర్లు పెరిగాయి. ఆస్పత్రిలో కొన్ని రోజులు పిండిన పాలతో పాటు డాక్టర్ చెప్పిన డబ్బా పాలూ పట్టారు. ఇప్పుడు బిడ్డ క్షేమం, తల్లిపాలే తాగుతోంది. డాక్టర్ చెప్పి పట్టించిన డబ్బా పాలకి ఏ తల్లినీ ఎవరూ తక్కువగా చూడకూడదు. అప్పటి నుంచి మన ప్రతి సభ్యురాలూ గుడ్డల లెక్క అడిగే బయటికి వస్తోంది.

రొయ్యల షెడ్లకీ, కొబ్బరి పీచు పనికీ తిరిగి వెళ్లేవాళ్ల కష్టం వేరు. చట్టంలో ఉన్న 26 వారాల ప్రసూతి సెలవు, రోజు కూలికి వెళ్లే మన వాళ్లకి అందదు. చేత్తో పాలు పిండి, మూత ఉన్న శుభ్రమైన స్టీలు గిన్నెలో ఉంచడం, ఇంట్లోవాళ్లు ఉగ్గుగిన్నెతో పట్టడం నేర్పించాం. మన ఎండలకి బయట నాలుగు గంటలకి మించి ఉంచొద్దని, ఫ్రిజ్‌లో పెడితే 24 గంటల్లో వాడేయమని నర్సు గారు చెప్పారు. షెడ్డులో పాలు పిండుకోవడానికి తలుపున్న గది కావాలని మేస్త్రీని అడిగాం. ఇంకా జవాబు రాలేదు, మళ్లీ అడుగుతాం.

పట్టణంలో కాన్పైన ఒకమ్మాయికి ఉచితంగా పాలపొడి డబ్బా చేతిలో పెట్టి పంపారు. 1992 నాటి చట్టం ప్రకారం అలా ఇవ్వకూడదు. ఇలాంటిది ఎవరికి ఎదురైనా మాకు చెప్పండి.

గోదావరి పొంగినప్పుడు లంకల్లో నెలలు నిండినవాళ్లని నీళ్లు రాకముందే ఇవతలికి తేవాలి. పునరావాస కేంద్రంలో తల్లులకి చీరలతో ఒక మూల చాటు కట్టి ఇస్తే చాలు, పాలు ఆగవు. వరద నీళ్లతో కలిపిన డబ్బా పాలంత ప్రమాదం ఇంకోటి లేదు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వగానే ఎవరు ఏ రేవుకి వెళ్లాలో ఈసారి ముందే రాసి పెట్టుకుందాం.

పొదుపు, అప్పుల లెక్క సంఘం గది గోడకి అంటించాం, ఎవరైనా చూసుకోవచ్చు. బిడ్డల్ని తూచే కాటా కొనడానికి ఈ సమావేశంలో మీ ఆమోదం కావాలి. పంటు పడవ మీద లంకలకి వెళ్లి రాగల ఇద్దరు సభ్యులు కూడా కావాలి. ఇష్టమున్నవాళ్లు సమావేశం అయ్యాక నా దగ్గర పేరు రాయించండి.

కార్యదర్శి