స్క్వాట్ మీద నింద వేయకండి, రాక్‌కి సేఫ్టీ బార్లు పెట్టించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో, భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ల వల్ల మోకాళ్లు, నడుము పాడవుతాయనీ, నలభై దాటినవాళ్లు వాటి జోలికి పోవద్దనీ రాశారు. నాకు 47 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా పవర్‌లిఫ్టింగ్ అనే బరువులెత్తే క్రీడ సాధన చేస్తున్నాను, 63 కిలోల శరీర బరువు విభాగంలో, నలభై దాటినవాళ్లకి పెట్టే మాస్టర్స్ పోటీల్లో పాల్గొంటున్నాను. ఆరేళ్ల కిందట స్క్వాట్ చేస్తుండగానే నా నడుము దెబ్బతింది. అందుకే ఆ వ్యాసం రాసినవారి భయం నాకు అర్థమైంది. కానీ ఆయన తప్పు పట్టాల్సిన దాన్ని వదిలేసి వ్యాయామాన్ని తప్పు పట్టారు. దాని గురించే ఈ ఉత్తరం.

ముందు ఆ వ్యాసంతో వేసిన ఫొటో సంగతి చెప్పాలి. ఒక కుర్రాడు బార్ భుజాల మీద పెట్టుకుని సగం దాకా కూర్చున్నాడు. మడమలు నేలకి ఆనలేదు, వేళ్ల మీద ఉన్నాడు. బార్ ఆనించే రాక్‌కి, లేవలేకపోతే బార్‌ని ఆపే సేఫ్టీ బార్లు లేవు. వెనకా పక్కనా పట్టుకోవడానికి మనిషి లేడు. చూడగానే నాకు గుండె ఝల్లుమంది. దెబ్బ తగిలిన రోజు నేనూ అచ్చం అలాగే ఉన్నాను.

ఆ రోజు బార్ మీద 82.5 కిలోలు. ఇటు ఒక 25, ఒక 5, ఒక 1.25 ప్లేట్లు, అటూ అవే. మూడు వారాల్లో 70 నుంచి అక్కడికి వచ్చేశాను. "చాలా ఈజీగా లేపుతున్నారు మేడమ్, ఇంకో ఐదు వేద్దాం" అని ట్రైనర్ ప్రతిసారీ అనేవాడు. నాకూ ఉత్సాహంగా ఉండేది. ఈజీగా లేస్తోందంటే నేను పూర్తిగా కిందికి దిగడం లేదన్న సంగతి అతను చూడలేదు, నాకు తెలియలేదు. మొదటి రెండూ లేచాయి. మూడోసారి దిగుతూ దిగుతూ ఊపిరి వదిలేశాను, ఎప్పటికంటే కిందికి దిగిపోయాను. లేవబోతే పిర్రలు ముందు పైకి లేచాయి, ఛాతీ కిందే ఉండిపోయింది. బరువంతా నడుం మీదకి ఒరిగింది. కుడివైపు ఏదో పట్టు సడలినట్టు అనిపించింది. చప్పుడేమీ రాలేదు. బార్‌ని ఎలాగో రాక్ మీదకి చేర్చాను. కాసేపయ్యాక బూట్ల లేసులు విప్పుకోబోతే వంగలేకపోయాను. పదిహేను రోజుల పాటు మంచం మీంచి లేవాలంటే పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించి లేచేదాన్ని.

డాక్టర్ పరీక్షించి కండరం పట్టేసిందని, పెద్ద ప్రమాదం లేదని చెప్పారు. పడుకుని ఉండిపోవద్దు, ఓర్చుకోగలిగినంత నడవండి అన్నారు ఫిజియోథెరపిస్టు. ఆ మాట విన్నందుకే త్వరగా కోలుకున్నాను. మూడు నెలల తర్వాత, చాలా ఏళ్లు పోటీల్లో లిఫ్ట్ చేసిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మేమంతా మాస్టారు అంటాం. ఎన్ని కిలోలు ఎత్తేదానివని ఆయన అడగలేదు. "పక్కనుంచి తీసిన వీడియో ఏదైనా ఉందా అమ్మా?" అన్నారు. ఉంది. ఫోన్‌లో చూపించాను. నేను కూర్చున్న చోట వీడియో ఆపి, తొంటి దగ్గర ఒక వేలు, మోకాలి దగ్గర ఒక వేలు పెట్టారు. తొంటి మీద వేలు చాలా పైన ఉంది.

పవర్‌లిఫ్టింగ్‌లో లోతుకి స్పష్టమైన నియమం ఉంది. తొంటి కీలు దగ్గర తొడ పైభాగం, మోకాలి పైభాగం కంటే కిందికి రావాలి. ముగ్గురు రిఫరీలు చూస్తారు, కనీసం ఇద్దరు తెల్ల లైటు వేస్తేనే లిఫ్ట్ లెక్కలోకి వస్తుంది. ఇది పోటీలకే పనికొచ్చే నియమమని చాలామంది అనుకుంటారు. సాధనలో అది మనల్ని కాపాడుతుందని నా అనుభవం. సగం దిగి లేస్తే, పూర్తిగా దిగి లేవలేనంత బరువుని కూడా మోసేయొచ్చు. ఆ బరువుతో అలసట వల్లో ఏమరుపాటు వల్లో ఒక్కసారి నాలుగు అంగుళాలు ఎక్కువ దిగామంటే, అక్కడి నుంచి లేచే బలం మనకి ఉండదు. నాకు జరిగింది అదే.

మాస్టారు నా చేత మూడు వారాలు బార్ ముట్టించలేదు. మొదటి రోజు బూట్లు విప్పించి నేల మీద నిలబెట్టి, పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. ప్రతి మడమ కింద ఒక చిన్న కాగితం ముక్క పెట్టారు. "చేతులు ముందుకి చాచి మెల్లగా కూర్చో" అన్నారు. నేను కిందికి దిగాక వంగి ఎడమ కాగితాన్ని లాగారు, రాలేదు. కుడిది లాగితే జారి వచ్చేసింది. లేచి చూస్తే కుడి పాదం లోపలి అంచు సుద్దగీతని దాటింది, గీత చెరిగిపోయి ఉంది. చాలా ఏళ్ల కిందట ఆ కాలి చీలమండ బెణికింది. అప్పట్నుంచి అది పూర్తిగా వంగడం లేదు. చీలమండ వంగక మడమ లేస్తోంది, మడమ లేచేసరికి మోకాలు లోపలికి పోతోంది, ఒళ్లు ముందుకి వాలుతోంది. చివరికి ఆ భారమంతా నడుం మోస్తోంది. నా నడుం నొప్పికి మూలం కుడి చీలమండలో ఉందని అంతవరకూ నాకు తట్టనేలేదు.

ఇది ఎవరికి వారు చూసుకోవచ్చు. గోడకి ఎదురుగా నిలబడి, బొటనవేలు గోడకి పది సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మడమ లేవకుండా మోకాలు గోడకి తగలాలి. తగలకపోతే చీలమండ బిగుసుకున్నట్టే. రోజూ పిక్కలు, చీలమండలు సాగదీయాలి. ఈలోగా మడమ భాగం సుమారు రెండు సెంటీమీటర్లు ఎత్తుగా, గట్టి అడుగుతో ఉండే లిఫ్టింగ్ బూట్లు చాలా సాయపడతాయి. పరుగెత్తే బూట్లు మాత్రం వద్దు. మెత్తని అడుగు బరువు కింద అటూ ఇటూ నొక్కుకుపోతుంది. పాదంలో మూడు చోట్ల నేలని పట్టుకోవాలి: బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ. ఈ మూడూ కదలకపోతే మోకాలు తన దారిలో తను వెళ్తుంది.

మోకాలు కాలివేళ్లని దాటి ముందుకు పోతే అరిగిపోతుందని మీ వ్యాసంలో రాశారు. ఈ మాట చాలా కాలంగా వినిపిస్తున్నదే. లోతైన స్క్వాట్లు మోకాలి లిగమెంట్లని, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలని, వదులు చేస్తాయని 1961లో అమెరికాలో కార్ల్ క్లైన్ అనే పరిశోధకుడు చెప్పాడు. తర్వాత పరీక్షించినవారికి అలాంటి ఫలితం రాలేదు. అయినా భయం మిగిలిపోయింది. 2003లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఏడుగురు మగవాళ్ల చేత ఒకసారి మామూలుగా, ఒకసారి మోకాళ్లు ముందుకు పోకుండా చెక్క అడ్డం పెట్టి స్క్వాట్లు చేయించారు. అడ్డం పెట్టినప్పుడు మోకాలి మీద పడే టార్క్, అంటే కీలుని తిప్పే బలం, ఐదో వంతు పైగా తగ్గింది. కానీ తొంటి మీద పదిరెట్లకు పైగా పెరిగింది. ఒళ్లు ముందుకి ఒరిగిపోవడమే కారణం. ఏడుగురితో చేసిన అధ్యయనం కాబట్టి అదే ఆఖరి మాట అనను. అయితే బరువు ఎక్కడికీ పోదని, ఒక చోట ఆపితే ఇంకో చోట పడుతుందని నా ఒంటి మీదే చూశాను. మోకాలు వేళ్లు చూస్తున్న వైపే వెళ్తోందా లేదా అన్నదే చూసుకోవాలి. కొంచెం ముందుకి వెళ్లినా ఫరవాలేదు.

అందరికీ ఒకే భంగిమ నప్పదు. నాకు తొడలు పొడవు. నిటారుగా కూర్చోమని ఎంతమంది చెప్పినా నా వల్ల కాదు, కొంచెం వాలాలి. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు కంటే ఒక పాదం ఎక్కువ పెట్టి, వేళ్లు కాస్త బయటికి తిప్పుకున్నాక తొంటి హాయిగా కదిలింది. పక్కవాళ్లని చూసి పాదాలు పెట్టుకోకండి.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ఊపిరి నేర్చుకోవడానికి. ఛాతీ పొంగించి గాలి పీల్చడం నా అలవాటు. అలా పీలిస్తే భుజాలు లేస్తాయి, నడుముకి అందే సాయం ఏమీ ఉండదు. మాస్టారు రెండు డొక్కల మీదా చేతులు పెట్టుకుని దగ్గమన్నారు. దగ్గినప్పుడు వేళ్ల కింద కండరం గట్టిగా బయటికి తన్నింది. "కిందికి దిగే ముందు గాలి పీల్చి దీన్ని ఇలాగే బిగించు, లేచి నిలబడేదాకా వదలకు" అన్నారు. పొట్ట, డొక్కలు, వీపు చుట్టూ అన్ని వైపులా ఆ బిగుతు ఉంటే వెన్నుకి లోపలి నుంచి దన్ను దొరుకుతుంది. లిఫ్టర్లు నడుముకి కట్టుకునే బెల్ట్ చేసే పని కూడా ఇంతే, పొట్ట నెట్టడానికి ఒక గోడలా నిలబడుతుంది. ఊపిరి సరిగా పట్టడం రాకుండా బెల్ట్ పెట్టుకుంటే ఉపయోగం తక్కువ. గాలి ఆడనంత బిగిస్తే అసలు లేదు. ఒక్కమాట: ఇలా ఊపిరి బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ పని చేయకూడదు.

తర్వాత ఖాళీ బార్‌తో, అంటే 20 కిలోలతో, మళ్లీ మొదలుపెట్టాను. ప్రతి సెట్‌నీ పక్కనుంచి, తొంటి ఎత్తులో ఫోన్ పెట్టి వీడియో తీశాను. ఐదు సార్లు ఒకే లోతులో, ఒకే వేగంతో, మడమ లేవకుండా వస్తేనే మరుసటి వారం 2.5 కిలోలు. ఐదోసారి పిర్రలు ముందు లేస్తే అదే బరువుతో మళ్లీ వారం. మళ్లీ 82.5 దగ్గరికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. కండరం త్వరగా బలపడుతుంది, దాన్ని ఎముకకి అంటిపెట్టే టెండన్లు నెమ్మదిగా బలపడతాయి. వాటికి ఆ టైమ్ ఇవ్వాలి. ఇప్పుడు పోటీలో 105 కిలోలు పూర్తి లోతుకి దిగి లేస్తున్నాను. మోకాళ్లు, నడుము బాగున్నాయి.

జిమ్ నడిపేవాళ్లకి నా విన్నపం. స్క్వాట్ రాక్‌కి సేఫ్టీ బార్లు తీసి మూలన పడేయకండి. మనిషి పూర్తిగా కూర్చున్నప్పుడు బార్ ఉండే ఎత్తుకి ఒక అంగుళం కిందగా వాటిని పెట్టాలి. ప్లేట్లు వేయక ముందే, ఖాళీ బార్‌తో కూర్చుని ఆ ఎత్తు సరిచూసుకోవాలి. లేవలేకపోతే బార్‌ని వాటి మీద దించి ముందుకి బయటపడొచ్చు, ప్రాణం మీదకి రాదు. బార్ ఆనించే కొక్కేలు ఛాతీ మధ్య ఎత్తులో ఉండాలి. వాటిని మరీ పైన పెడితే, అలసిపోయి వచ్చినవాళ్లు మునివేళ్ల మీద లేచి బార్ తగిలించాల్సి వస్తుంది. అప్పుడే పట్టుతప్పుతుంది. ఇక సాయం పట్టేవాళ్లు. వెనక ఒక్కరే ఉంటే చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి ఛాతీని పట్టి లేపాలి. బార్‌ని లాగితే లిఫ్టర్ మరింత ముందుకి పడతారు. బరువు పెద్దదైతే అటొకరు ఇటొకరు నిలబడి, ఒకే మాట మీద ఇద్దరూ కలిసి ఎత్తాలి.

ట్రైనర్లకి కూడా ఒకటి అడగాలని ఉంది. ఇంకో ఐదు కిలోలు వేయబోయే ముందు ఒక్కసారి పక్కకి వచ్చి, మోకాలి ఎత్తుకి వంగి లోతు చూడండి. నాకు ట్రైనింగ్ ఇచ్చిన కుర్రాడి మీద కోపం లేదు, అతనికీ ఎవరూ నేర్పినట్టు లేదు. కానీ ఆ ఒక్క చూపు చూసి ఉంటే నాకు ఏడాది పోయేది కాదు.

నొప్పి విషయంలో పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఉంది. వ్యాయామం చేసిన మర్నాడు తొడలు బరువెక్కి నొప్పి పుడితే కంగారు పడక్కర్లేదు. చేస్తుండగా సూదితో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ రోజుకి బార్ దించేయండి. నొప్పి నడుం నుంచి మోకాలి కిందికి పాకినా, కాలు తిమ్మిరెక్కినా డాక్టర్‌కి చూపించుకోండి. కాళ్లలో బలం పోతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మా జిమ్‌కి రెండు నెలల కిందట పంతొమ్మిదేళ్ల అమ్మాయి కొత్తగా వచ్చింది. మీ వ్యాసం ఫోన్‌లో చూపించి, "ఆంటీ, మానేయమంటారా?" అని అడిగింది. ఆ పిల్లకి ఇప్పుడు 40 కిలోలు పూర్తి లోతులో ఐదు సార్లు చక్కగా లేస్తాయి. మానొద్దని చెప్పాను. మీ మాటకి విలువిచ్చి ఇలా ఎందరు మానేస్తారో అని బెంగగా ఉంది. దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో మరో ఫొటో వేయండి. మడమలు నేలకి ఆని, తొంటి మోకాలి కిందికి దిగి, వెనక సేఫ్టీ బార్లు కనిపించే ఫొటో. కావాలంటే మా జిమ్‌లో తీసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు