గోరంట్ల ఫ్లాటుకి ఉయ్యాల బల్ల

సింగ్‌నగర్, విజయవాడ
రథసప్తమి మర్నాడు

బుజ్జమ్మా,

మొన్న నువ్వు పంపిన, గుంటూరు గోరంట్లలో మీ కొత్త ఫ్లాటు ఇంటీరియర్ బొమ్మలు మీ నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. చూసి, "ఇది మన పిల్ల ఇల్లా, నగల కొట్టా?" అన్నారు. నేను నవ్వేశాను గానీ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. పాప పడుకున్నాక తీరిగ్గా చదువు.

పద్నాలుగు లక్షలు, నలభై అయిదు రోజులు, గృహప్రవేశం నాటికి గోడ గోడకీ ఏదో ఒకటి బిగించి ఇచ్చేస్తారు. అంతేనా ఆ ఇంటీరియర్ వాళ్ల మాట? నా మాట వేరు. పాలు పొంగించండి, మంచాలు వేసుకోండి, పొయ్యి వెలిగించండి, అంతే. ఒక్క ఎండాకాలం ఆ ఇంట్లో అలాగే ఉండండి. మిగతావి తర్వాత చూద్దాం.

ఎందుకంటున్నానో చెప్తాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. నువ్వప్పుడు హైదరాబాదులో ఉన్నావు. బుడమేరు వాగు నీళ్లు వీధి మొగలో కనపడిన కాసేపటికే గడప దాటాయి. చేతికందినవి పట్టుకుని డాబా ఎక్కాం, రెండు రాత్రుల తర్వాత పడవలో బయటపడి గుణదలలో మీ మామయ్య వాళ్లింటికి చేరాం. ఇదంతా నీకు తెలిసిందే. నీకు సరిగా చెప్పనిది నీళ్లు లాగేశాక మేం తలుపు తీసిన రోజు సంగతి.

2016లో చీటీ పాడి మరీ చేయించుకున్నానే, ఆ టీవీ యూనిట్టూ గోడ బీరువాలూ! టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి, మీ నాన్న చెయ్యి వేస్తే పొడి పొడిగా రాలాయి. చేసినాయన "వాటర్‌ప్రూఫ్ అమ్మా, ఢోకా లేదు" అన్నాడు. లోపల ఉన్నది చెక్క పొట్టుని జిగురుతో అదిమిన అట్ట అని ఆ రోజే చూశాను. సోఫా బురద పీల్చుకుని నలుగురు మోస్తే గానీ కదల్లేదు. ఫైరింజను వాళ్లు వచ్చి పైపుతో ఇల్లు కడుగుతుంటే ఆ ముక్కలన్నీ కాలవలోకి పోయాయి. వీధి పొడవునా ఇంటింటి ముందూ అవే గుట్టలు. ఎవరి ఇంటి గుట్ట చూసినా ఒకటే రంగు లామినేట్. నాకు నవ్వొచ్చింది కూడా, ఏడుపు మధ్యలో. అందరం వేరే వేరేగా చేయించుకున్నాం అనుకున్నాం గదా.

మిగిలినవేమిటో తెలుసా? వంటింట్లో కడప రాయి అరలు. ఇత్తడి బిందెలు. నా కుట్టుమిషను ఇనప కాళ్లు. అమ్మమ్మ నవారు మంచం పట్టెలు. ఇంకా మీ తాతగారి ఉయ్యాల బల్ల. ఫాల్స్ సీలింగు పెట్టించినప్పుడు కొక్కేలు మూతపడ్డాయని దాని గొలుసులు తీసేసి, రెండు స్టూళ్ల మీద పెట్టుకున్నాం, గుర్తుందా? అది నీళ్లలో తేలి వెళ్లి వంటింటి గుమ్మానికి అడ్డంగా ఇరుక్కుంది. కడిగి నీడలో పదిరోజులు ఆరబెట్టి అవిసె నూనె రాస్తే మళ్లీ ఎప్పటిలా అయింది. టేకు గదా. దాని మీద కూర్చునే ఇది రాస్తున్నాను.

మూడో అంతస్తుకి వరద ఎందుకొస్తుందమ్మా అంటావు. రాదు. కానీ సింకు కింద పైపు కారడానికి బుడమేరు రానక్కర్లేదు. అందుకని వంటింట్లో సింకు కింద మాత్రం చెక్క డబ్బా వద్దు. రాతి అర పెట్టించి ముందు తలుపు ఒక్కటీ చెక్కతో చేయించు. మన వడ్రంగి తాతయ్య చెప్పిన మాట, ప్లైవుడ్ కొంటే షీటు మీద ముద్ర చదవమని: ఐఎస్ 303, పక్కన ఎంఆర్ అని ఉంటే కాస్త చెమ్మకి ఓర్చుకునేది, ఐఎస్ 710 అంటే మరిగే నీళ్లలో వేసినా పొరలు విడనిది. ఇంకోటి, కొత్త బీరువా తెరిస్తే కళ్లు మండే వాసన వస్తుంది చూడు, అది జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం. ఈ1 అనో, ఈ0 అనో రాసున్న షీట్లలో అది తక్కువ. పాపకి ఊరికే జలుబు చేస్తుంది కాబట్టి ఇది నువ్వు తప్పకుండా అడగాలి. ఒకేసారి ఇల్లంతా కొత్త చెక్క బిగించి, మర్నాడే ఏసీ వేసి తలుపులు మూసుకుంటే ఆ గాలంతా పాప ముక్కులోకే.

ఇక ఎండ. మీ హాలు పడమర. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ బాల్కనీ గాజు తలుపు సంగతి చెప్పాలా? నీ బొమ్మల్లో దానికి లోపలి వైపు బరువైన తెరలు వేశారు. ఎండ గాజు దాటి లోపలికొచ్చాక తెర వేస్తే వెలుతురు ఆగుతుంది గానీ వేడి ఇంట్లోనే కూర్చుంటుంది. ఆపాల్సింది గాజుకి అవతల. బాల్కనీ చూరుకి వెదురు తడిక వేలాడదీస్తే సగం బాధ తీరుతుంది. మా చిన్నప్పుడు వట్టివేళ్ల తడికలు కట్టి మధ్యాహ్నం నీళ్లు చల్లేవాళ్లు, ఇల్లంతా ఎంత వాసనో! ఏప్రిల్‌లో ఓ ఆదివారం మూడింటికి ఒకసారి, అయిదింటికి ఒకసారి ఎండ నేల మీద ఎక్కడిదాకా వస్తోందో సుద్దముక్కతో గీయి. అప్పుడు గానీ సోఫా ఎక్కడ వేయాలో, ఏ గోడకి నీడ ఉందో, పాప ఎక్కడ ఆడుకుంటుందో తెలియదు. ఆ గీత నీ డిజైనరు కంప్యూటర్లో లేదు.

ఫాల్స్ సీలింగు సంగతి నా అనుభవం మీద చెప్తున్నా, వద్దు. పైన డాబా ఉన్న చివరి అంతస్తయితే వేడికి కాస్త అడ్డం అనుకోవచ్చు. మీ పైన ఇంకా రెండంతస్తులున్నాయి గదా, మీకెందుకు? ఎత్తు ఒక అడుగు తగ్గుతుంది, ఫ్యాను కిందికి దిగుతుంది, పైకెక్కాల్సిన వేడి గాలి నెత్తి మీదే ఉంటుంది. ఆ డబ్బులో కొంత పెట్టి ఫ్యాన్లు మార్చండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారుది 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకి పదిహేను గంటలు వేసుకుంటే ఒక్కో ఫ్యానుకీ నెలకి ఇరవై యూనిట్లు మిగులుతాయి. ఈ లెక్క మీ నాన్నది, ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు మోటార్లతో గడిపిన మనిషిది. నాకు వాట్లు తెలీవు గానీ గదిలో ఒకే ఒక్క తెల్ల లైటు నడినెత్తిన వేస్తే మనుషులు ఆసుపత్రిలో ఉన్నట్టుంటారని మాత్రం తెలుసు. బల్బు పెట్టె మీద 6500కె అని ఉంటే ఆ తెలుపే. 2700, 3000 అని ఉన్నవి తెచ్చుకో, దీపం వెలుగులా పసుపుగా ఉంటుంది. ఒకటి నువ్వు చదువుకునే కుర్చీ దగ్గర, ఒకటి మూలన. చాలు.

వాస్తు గురించి మీ మామగారేదో అన్నారటగా. ఆయన చెప్పినట్టు చేసేయి, అందులో పోయేదేం లేదు.

ఇప్పుడు నా పనికి వస్తాను. తెరలు నేను కుడతాను, బయట ఇవ్వకు. ఆ పాలిస్టరు గుడ్డలు వద్దు. గుంటూరుకీ మనకీ మధ్యలోనే మంగళగిరి ఉంది. గుంట మగ్గం మీద నేసిన నూలు గుడ్డ, ఒంటి మీద డిజైన్ ఉండదు, అంచొక్కటే. ఆ అంచు కిందికి వచ్చేట్టు కుడితే ఇంకే అలంకారమూ అక్కర్లేదు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, రమారమి నలభై అయిదు అంగుళాలు. కిటికీ నాలుగడుగులుంటే కుచ్చులు నిండుగా పడాలంటే రెండు పన్నాలు కావాలి. ఎత్తుకి ఒక జానెడు ఎక్కువ తియ్యి. కత్తెర పెట్టకముందే గుడ్డని ఒక రాత్రి నీళ్లలో నానేస్తాను, ఎందుకంటే నూలు మొదటి ఉతుకులో తగ్గుతుంది. అది తెలియకే చాలామంది ఇళ్లల్లో తెరలు మోకాళ్ల దాకా ఎగిరి ఉంటాయి. రంగు నువ్వు చెప్పు. నా ఓటు గోధుమ రంగుకో లేత ఆకుపచ్చకో. పడమటి ఎండకి ముదురు రంగులు రెండేళ్లలో వెలిసిపోతాయి.

మంచం మీదకి పెడన కలంకారీ దుప్పట్లు రెండు నా పెట్టెలో ఉన్నాయి, పైఅటక మీద పెట్టినందుకు బతికాయి. టేకు అచ్చులతో అద్దినవి. ఎరుపు, నలుపు, కరక్కాయ పట్టించిన గుడ్డ. మొదటిసారి విడిగా ఉతుకు, ఎండలో ఆరేయకు. అమ్మమ్మ చీరలతో బొంత ఒకటి మొదలెట్టాను, అందులో నీ ఓణీల ముక్క కూడా ఉంది. అదెక్కడుందో వెతుక్కో.

టీవీ వెనక రాయిలా కనిపించే కాగితం అంటించడం మాత్రం నాకు అర్థం కాలేదు. రాయి కావాలంటే రాయి పెట్టుకోవచ్చు, వద్దంటే గోడ గోడలా ఉండనీయవచ్చు. వరద తర్వాత హాల్లో ప్లాస్టిక్ పెయింటు గోడలు లోపలి చెమ్మ బయటికి పోలేక పొక్కులు పొక్కులుగా లేచాయి. పెరట్లో సున్నం కొట్టిన గోడ మాత్రం వారం తిరక్కుండా ఆరిపోయింది. సున్నం గాలి పీలుస్తుందని మా నాన్న అంటుంటే చాదస్తం అనుకునేదాన్ని. మీ ఫ్లాటులో బిల్డరు వేసిన రంగు బాగానే ఉంది, రెండు మూడేళ్లు ముట్టుకోకండి. మార్చేటప్పుడు మాట్లాడుకుందాం.

ఖాళీ గోడ చూస్తే భయం వేస్తుందన్నావు. ఎందుకే భయం? కొండపల్లి ఎడ్లబండి నీకు నాలుగో ఏట కొన్నది, వరదలో ఎద్దులు బండి నుంచి ఊడిపోయాయి. తెల్ల పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు గదా, అది నీళ్లకి కరిగింది. పారేయలేదు, డబ్బాలో దాచాను. కొండపల్లి తీసుకెళ్లి చేసేవాళ్లకే ఇచ్చి అతికించి రంగు వేయిద్దాం. అది ఒక్కటి ఆ గోడ మీద చిన్న చెక్క మీద పెట్టు. పక్కన ఏం రావాలో పాప పెద్దయ్యాక తెచ్చుకుంటుంది.

ఉయ్యాల బల్ల నీకే ఇస్తున్నాను. గొలుసులు గోనెసంచిలో ఉన్నాయి, మీ నాన్న కిరోసిన్ పెట్టి తుప్పు వదిలించారు. అయితే కొక్కేలు బీముకే పడాలి, ఉత్త స్లాబుకి డ్రిల్లు వేసి వేలాడదీయకూడదు. అపార్టుమెంటు ఇంజనీరుని పిలిచి బీము ఎక్కడుందో చూపించమను, అది నేల నుంచి ఎంత ఎత్తో టేపుతో కొలిచి పంపు. వీలు కాదంటే మీ నాన్న ఇనప కాళ్లు వెల్డింగు చేయిస్తానన్నారు, దివాన్‌లా వేసుకోవచ్చు. అల్లుడుగారితో మాట్లాడు. ఆయనకి ఆ నల్ల లెదరు సోఫా మీద మనసుందని నాకు తెలుసు. వేసవిలో చెమట వీపుతో ఓ గంట కూర్చుని చూసి అప్పుడు కొనమను.

శివరాత్రి వెళ్లాక ఒకరోజు మంగళగిరిలో కలుద్దాం. నువ్వు గుంటూరు నుంచి రా, నేను బస్సులో వస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: కిటికీల కొలతలు అంగుళాల్లో రాయి, సెంటీమీటర్లలో వద్దు. గుంటూరు వాళ్ల టేపు, నా టేపు ఒకటి కావని పోయినసారి నీ జాకెట్టు దగ్గర తేలిపోయింది.