ఎండకు మాడే గ్యాస్ బిళ్ళను ఎవరు పరీక్షిస్తున్నారు? డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి నమస్కారం.

మా నాన్న పల్నాడులో ఉంటారు. ఏళ్ళ తరబడి ఆయనకు ఒక అలవాటు, పొద్దున లేవగానే పరగడుపున ఒక గ్యాస్ బిళ్ళ వేసుకుని, అరగంట ఆగి కాఫీ తాగుతారు. ఆ బిళ్ళ రానిటిడిన్. ఎప్పుడో కడుపులో మంటగా ఉందంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చాడు, తగ్గింది కదా అని దాన్నే పట్టుకున్నారు. చీటీ అడగరు, షాపుకు వెళ్ళి "గ్యాస్ బిళ్ళలు ఒక షీటు ఇవ్వు" అంటే ఇచ్చేస్తారు.

నేను హైదరాబాద్‌లో ఒక టాక్సికాలజీ ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళు పనిచేశాను. మందు కానివ్వండి, పురుగుమందు కానివ్వండి, బట్టల రంగు కానివ్వండి, అది డీఎన్‌ఏను దెబ్బతీస్తుందా లేదా చూడడమే మా విభాగం పని. 2019 సెప్టెంబరులో రానిటిడిన్ మాత్రల్లో డీఎన్‌ఏను దెబ్బతీసే ఎన్‌డీఎంఏ అనే పదార్థం దొరికిందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించినప్పుడు మా ల్యాబ్‌లో ఆ రోజంతా అదే మాట. ఆ సాయంత్రమే నాన్నకు ఫోన్ చేసి మానేయమన్నాను, సరేనన్నారు. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్తే గూట్లో మళ్ళీ అదే షీటు, సగం ఖాళీ. ఏంటి నాన్నా ఇది అంటే, "అంత ప్రమాదమైతే షాపులో ఎందుకు అమ్మనిస్తార్రా?" అన్నారు. నిజంగా నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందని రాస్తున్నాను.

మీకు ఇవన్నీ తెలుసు. కానీ ఈ లేఖ మా నాన్నలాంటి వాళ్ళు కూడా చదవాలని నా కోరిక, అందుకని ఒక రసాయనం డీఎన్‌ఏను దెబ్బతీస్తుందా అన్న పరీక్ష ఎలా చేస్తారో కాస్త వివరంగా చెప్తాను.

బర్క్‌లీలో బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో తయారుచేసిన పద్ధతి అది. హిస్టిడిన్ అనే పోషకాన్ని సొంతంగా తయారుచేసుకోలేకుండా జన్యువు చెడిపోయిన సాల్మొనెల్లా బాక్టీరియాను తీసుకుంటాం. హిస్టిడిన్ దాదాపుగా లేని ప్లేటులో వేస్తే అది పెరగదు, ఎక్కడో కొన్ని తప్ప. ఇప్పుడు దానికి మనం పరీక్షించాల్సిన రసాయనం కలుపుతాం. ఆ రసాయనానికి డీఎన్‌ఏలో అక్షరాలు మార్చే గుణం ఉంటే, చెడిపోయిన జన్యువు చాలా బాక్టీరియాల్లో మళ్ళీ పనిలోకి వచ్చి, రెండు రోజులకు ప్లేటు నిండా చుక్కలు చుక్కలుగా కాలనీలు లేస్తాయి. వాటిని లెక్కపెట్టడమే. నేను కొన్ని వేల ప్లేట్లు లెక్కపెట్టి ఉంటాను. అమెరికాలో పిల్లల నైట్ డ్రెస్సులకు నిప్పు అంటుకోకుండా పూసే ట్రిస్ అనే రసాయనం ఈ పరీక్షలోనే పట్టుబడింది, 1977లో దాన్ని నిషేధించారు. అప్పటికే ఎంతమంది పిల్లలు ఆ బట్టలు వేసుకుని పడుకున్నారో.

కొన్ని రసాయనాలు ఉన్నపళంగా ఏమీ చెయ్యవు, కాలేయంలోకి వెళ్ళాక విషమవుతాయి. అందుకే ఎలుక కాలేయం నుంచి తీసిన ఎంజైముల ద్రవం కూడా ప్లేటులో కలుపుతాం. ఎన్‌డీఎంఏ సరిగ్గా ఈ జాతిది. పైగా గడుసుది. మామూలు పద్ధతిలో పెడితే ఒక్కోసారి దొరక్కుండా తప్పించుకుంటుంది, హామ్‌స్టర్ కాలేయ ద్రవం వాడి, ప్లేటులో పొయ్యడానికి ముందు కాసేపు బాక్టీరియాతో కలిపి ఉంచితేనే బాగా బయటపడుతుంది. మన కాలేయం దాన్ని విరగ్గొట్టినప్పుడు పుట్టే ముక్క వెళ్ళి డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది, ఆ తర్వాత కణం విడిపోయేటప్పుడు దానికి ఎదురుగా సి అనే అక్షరం రావలసిన చోట టి అనే అక్షరం వచ్చి కూర్చుంటుంది. ఒంట్లో ఇలాంటివి సరిచేసే ఏర్పాటు ఉంది, నిజమే. కానీ రోజూ, ఏళ్ళ తరబడి, దానికి అదే పని పెడుతూ ఉంటే ఎక్కడో ఒకచోట తప్పిపోతుంది. జంతువుల్లో కాన్సర్ తెస్తుందని గట్టిగా రుజువైంది, మనుషులకు కూడా బహుశా తెస్తుందని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2ఏ వర్గంలో పెట్టింది.

అందుకే దానికి పరిమితి రోజుకు 96 నానోగ్రాములు. ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోగ్రాము. జీవితాంతం రోజూ అంత తీసుకున్నా లక్ష మందిలో ఒకరికి మించి అదనంగా కాన్సర్ రాకూడదన్న లెక్కతో పెట్టిన సంఖ్య ఇది. దీన్ని మించిన ప్రతివాళ్ళకీ ఏదో అయిపోతుందని కాదు, ఆ మాట గట్టిగా చెప్పకపోతే నేనే జనాన్ని భయపెట్టినవాణ్ణి అవుతాను.

ఈ గొడవ రానిటిడిన్‌తో మొదలవలేదు. 2018 జూలైలో బీపీ మందు వల్సార్టాన్‌తో మొదలైంది. చైనాలో ఒక ఫ్యాక్టరీ ముడిమందు తయారుచేసే పద్ధతి మార్చింది, కొత్త పద్ధతిలో వాడిన ద్రావకం, సోడియం నైట్రైట్ రెండూ కలిసి పక్కదారిలో ఎన్‌డీఎంఏను పుట్టించాయి. పద్ధతి మారింది 2012లో, సంగతి బయటపడింది 2018లో. మధ్యలో ఆరేళ్ళు ప్రతి బ్యాచ్ అన్ని పరీక్షలూ పాసయ్యే బయటికొచ్చింది, ఎందుకంటే అలాంటిది ఒకటి ఉంటుందని ఎవరూ అనుకోలేదు, అనుకోనిదానికి పరీక్ష పెట్టరు. ఆ తర్వాత మన హైదరాబాద్ కంపెనీలు తయారుచేసిన వల్సార్టాన్, లోసార్టాన్ మాత్రలు కూడా ఇలాంటి నైట్రోసమైన్ల (ఎన్‌డీఎంఏ కుటుంబానికి చెందిన రసాయనాలు) వల్లే అమెరికా షాపుల నుంచి వెనక్కి వచ్చాయి. అక్కడ ఏ బ్యాచ్, ఏ నంబరు, ఎంత మోతాదు అన్నీ ఎఫ్‌డీఏ సైట్‌లో పెట్టారు. ఇక్కడ తయారైన మందులో ఏముందో డల్లాస్‌లో ఉండే మా బాబాయికి తెలిసింది, జీడిమెట్లలో ఉండే మా పక్కింటాయనకు తెలియలేదు.

రానిటిడిన్ కథ వేరు, నాకు ఎక్కువ టెన్షన్ దాని గురించే. వల్సార్టాన్‌లో తప్పు తయారీలో జరిగింది, తయారీ మార్చుకుంటే పోతుంది. రానిటిడిన్‌లో ఆ తప్పు అణువులోనే ఉంది. ఎన్‌డీఎంఏ పుట్టడానికి కావలసిన రెండు ముక్కలూ ఆ అణువులోనే ఉన్నాయి, వేడి తగులుతూ రోజులు గడిచేకొద్దీ అది దానంతటదే విరిగి ఎన్‌డీఎంఏగా మారుతుంది. మొదట దీన్ని పట్టుకున్న ఒక అమెరికా ఆన్‌లైన్ ఫార్మసీ వాళ్ళు పరీక్ష మెషీన్‌లోనే మందును బాగా వేడి చేశారు, దాంతో లెక్కకు మించి ఎన్‌డీఎంఏ కనపడింది, ఎఫ్‌డీఏ ఆ పద్ధతి తప్పని చెప్పి, మందును వేడి చెయ్యకుండా కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ అనే మెషీన్ పద్ధతిలో మళ్ళీ చేసింది. సంఖ్యలు చాలా తగ్గాయి. అక్కడితో వదిలెయ్యలేదు, నిల్వ మీద కూడా పరీక్ష చేశారు. మామూలు గది వేడిలో కూడా పెరుగుతోందని, ఎక్కువ వేడిలో పెడితే ఇంకా బాగా పెరుగుతోందని, పాతబడేకొద్దీ మరింత అవుతోందని తేలాక 2020 ఏప్రిల్ 1న మొత్తం రానిటిడిన్‌ను మార్కెట్ నుంచి తీసెయ్యమన్నారు. మింగాక ఒంట్లో కూడా మారుతుందా అని మనుషుల మీద అధ్యయనం చేస్తే, అలా జరగడం లేదని 2021లో తేలింది. అంటే మిగిలిన అనుమానమంతా నిల్వ మీదే, వేడి మీదే.

ఇప్పుడు మా రెంటచింతలకు రండి, మే నెలలో. రామగుండం అయినా సరే. 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. మందుల షాపు అంటే రేకుల కప్పు కింద చిన్న గది, ఫ్యానుంటుంది, కరెంటు ఉంటే తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ నుంచి అట్టపెట్టెలు బస్సు టాప్ మీదో, ట్రాలీ ఆటోలోనో మిట్టమధ్యాహ్నం వస్తాయి. మా నాన్న షీటు పెట్టుకునే గూడు పడమటి గోడకు ఉంది, సాయంత్రం ఆ గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. కంపెనీ ల్యాబ్‌లో మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ చాంబర్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఎక్కువ కాలం నడిచే పరీక్ష 30 డిగ్రీల దగ్గర, తొందరగా తేల్చే పరీక్ష 40 డిగ్రీల్లో 6 నెలలు. ఆ లెక్కలోకి మా నాన్న గూడు రాదు.

మీ కార్యాలయం ఏమీ చెయ్యలేదని నేను అనడం లేదు. 2019లోనే రానిటిడిన్ తయారీదారులు తమ మందు పరీక్షించుకునేలా చూడమని రాష్ట్రాల డ్రగ్ కంట్రోలర్లకు రాశారు. 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి దాన్ని తీసేశారు. 2025లో ఎన్‌డీఎంఏ స్థాయి గమనిస్తూ ఉండమని, అవసరమైతే నిల్వ గడువు తగ్గించమని మళ్ళీ చెప్పారు. మంచిదే. కానీ ఇన్నేళ్ళలో ఫలానా కంపెనీ ఫలానా బ్యాచ్‌లో ఇన్ని నానోగ్రాములు అని ఒక్క సంఖ్య నాకు ఎక్కడా కనపడలేదు, చూడడం తెలిసినవాణ్ణి నేనే వెతికాను. నెలనెలా మీరు విడుదల చేసే నాణ్యత లేని మందుల జాబితా కూడా చదువుతుంటాను, మందు మోతాదు తక్కువ, మాత్ర కరగడం లేదు, ఇలాంటివే ఎక్కువ. తయారీదారు తన మందును తాను పరీక్షించుకుని తన ఫైల్లో పెట్టుకుంటే మా నాన్నకు తెలిసేదెట్లా?

ఇది చెప్తుంటే ఒక పాత సంగతి గుర్తొస్తోంది. 1980ల చివర్లో ఉస్మానియా యూనివర్సిటీ జెనెటిక్స్ పరిశోధకులు పత్తి చేలల్లో పురుగుమందు కొట్టేవాళ్ళ రక్తం తీసుకుని పరీక్షించారు. మందు కొట్టని వాళ్ళతో పోలిస్తే వాళ్ళ కణాల్లో క్రోమోజోములు విరగడం ఎక్కువగా ఉందని తేలింది, 1989లో అది ఒక విదేశీ జర్నల్లో అచ్చయింది. నేను దాన్ని ఎమ్మెస్సీలో చదివాను. సరిగ్గా ఆ ఏళ్ళలోనే మా నాన్న ముక్కుకు తువ్వాలు కట్టుకుని, చేతికి గ్లౌజు లేకుండా, పత్తికి మందు కొట్టేవారు. మన యూనివర్సిటీ, మన పంట, మన రక్తం, ఫలితం మాత్రం ఇంగ్లీషు పత్రికలో. ఆ చేలల్లో ఉన్నవాళ్ళకు ఎవరూ వచ్చి చెప్పలేదు. ఇప్పుడు అదే మనిషి విషయంలో రెండోసారి అలా జరగడం చూస్తున్నాను, నా కోపం అందుకే.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ఈ వేసవిలో, మే నెలలో, ఎండ బాగా కాసే ఊళ్ళలో మామూలు మందుల షాపుల్లోంచి మీ మనుషులు రానిటిడిన్ షీట్లు కొనాలి. గోడౌన్ నుంచి వద్దు, ఫ్యాక్టరీ నుంచి వద్దు, షాపు నుంచే, అదీ గడువు దగ్గరపడినవి. హైదరాబాద్‌లో మీ కేంద్ర ఔషధ పరీక్ష ల్యాబ్ ఉంది, అక్కడో, ఇంకెక్కడ ఎల్‌సీ-ఎంఎస్ ఉంటే అక్కడో వేడి చెయ్యని పద్ధతిలో పరీక్షించి, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, నానోగ్రాములు అన్నీ బయట పెట్టాలి. 96 లోపే ఉంటే అదీ చెప్పండి, మా నాన్న దగ్గర నేనే ఓడిపోయానని ఒప్పుకుంటాను, సంతోషంగా. మించితే ఆ బ్యాచ్‌ను డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆపి ఊరుకోకుండా, మింగే మనిషి దాకా వెళ్ళాలి. ప్రతి షాపు ముందు తెలుగులో కాగితం అంటించాలి, ఆశా వర్కర్‌కు చెప్పాలి, ఆర్‌ఎంపీలకు కూడా చెప్పాలి, మా ఊళ్ళో డాక్టరు అంటే వాళ్ళే.

ఇలా బయట పెడితే జనం బెదిరిపోయి అన్ని మందులూ మానేస్తారని మీ దగ్గర ఎవరైనా అనవచ్చు. అది ఊరికే తీసిపారేసే భయం కాదు, బీపీ మాత్ర ఒక్కసారిగా మానేస్తే పక్షవాతం రావచ్చు, అది ఎన్‌డీఎంఏ కంటే దగ్గరి ప్రమాదం. కానీ వల్సార్టాన్ అప్పుడు ఎఫ్‌డీఏ ఏం చెప్పిందో చూడండి. కలుషితమైన మందును అత్యధిక మోతాదులో 8,000 మంది నాలుగేళ్ళు వాడితే అదనంగా ఒకరికి కాన్సర్ రావచ్చని లెక్క చెప్పి, ఆ వెంటనే, వేరే మందు చేతికొచ్చేదాకా ఇది ఆపొద్దని చెప్పింది. 2020లో టీబీ మందు రిఫాంపిసిన్‌లో ఇలాంటి మరో నైట్రోసమైన్ దొరికినప్పుడైతే, మందు దొరక్కపోతే మనుషులు పోతారు కాబట్టి మామూలు పరిమితి కంటే ఎక్కువ ఉన్నా కొంతకాలం ఒప్పుకుంటున్నామని బాహాటంగానే ప్రకటించారు. సంఖ్య చెప్పి, కారణం చెప్పి, ఏం చెయ్యాలో చెప్తే మా ఊరివాళ్ళకూ అర్థమవుతుంది. పురుగుమందు డబ్బా మీద రంగు చూసి విషం ఎంతో చెప్పగలిగిన రైతులు వాళ్ళు.

రానిటిడిన్‌కైతే ఆ తిప్పలు కూడా లేవు. ఫామోటిడిన్ ఉంది, పాంటాప్రజోల్ ఉంది, జన ఔషధి షాపుల్లో చవకగానే దొరుకుతాయి. ఇది పోతే ప్రాణం మీదికి వచ్చేవాళ్ళు ఎవరున్నారు?

మా నాన్న గూట్లోంచి ఆ షీటు తెచ్చుకున్నాను, ఆయనకు డాక్టరు దగ్గర వేరే మందు రాయించాను. ఆరు బిళ్ళలు మిగిలాయి. గడువు ఇంకా ఉంది, బ్యాచ్ నంబరు చక్కగా కనపడుతోంది. ఇన్నాళ్ళూ ఆ పడమటి గోడ గూట్లోనే ఉంది. మీ ల్యాబ్ తీసుకుంటానంటే చిరునామా చెప్పండి, నేనే వచ్చి ఇస్తాను.

ఇట్లు,
ప్లేట్లు లెక్కపెట్టిన ఒక పల్నాడు మనిషి