జిల్లా పటం లేని బడిలో భూగోళం

సంపాదకుడు గారికి నమస్కారం.

అచ్చంపేట దగ్గర ఒక హైస్కూల్ గేటు ఎదురుగా నాకు చిన్న స్టేషనరీ, జిరాక్స్ కొట్టు ఉంది. పరీక్షలు దగ్గరపడితే అవుట్‌లైన్ మ్యాపులు కట్టలకు కట్టలు పోతాయి, ఒక్కోటి రెండు రూపాయలు. సోషల్ పేపర్లో మ్యాప్ పాయింటింగ్ మార్కులు పోకూడదని పిల్లలు నా కౌంటర్ మీదే చుక్కలు పెట్టి బట్టీ కొడుతుంటారు. ‘కృష్ణా నది ఎక్కడరా?’ అని అడిగితే ‘కావేరికి పై గీత అంకుల్’ అంటాడొకడు. వాడు సోమశిలలో అదే నది మీద పడవెక్కినవాడే. మన నాగర్‌కర్నూల్ జిల్లాకు దక్షిణపు హద్దు ఆ గీతే అన్న సంగతి మాత్రం వాడికి తట్టలేదు.

మొన్న ఓ తండా పిల్లవాడు ఇండియా మ్యాపు కొని, ‘అంకుల్, ఇందులో పుణె ఎక్కడ?’ అన్నాడు. వాళ్ల అమ్మానాన్నలు దసరా వెళ్లగానే అక్కడికి పనికి పోయారు. చోటు చూపించాను. ‘ఎంత దూరం ఉంటుంది?’ అన్నాడు. ‘స్కేలు చూసి నువ్వే చెప్పు’ అన్నాను. జామెట్రీ బాక్సులోంచి ప్లాస్టిక్ స్కేలు తీశాడు! తప్పు వాడిది కాదు, మ్యాపులో సెంటీమీటరుకు ఎన్ని కిలోమీటర్లో చెప్పే స్కేలే నేనమ్మినదాని మీద అచ్చు వేయలేదు. కొట్లో ఉన్న పాత అట్లాస్ తీశాను. అందులో ఒక సెంటీమీటరుకు 150 కిలోమీటర్లు. కొలిస్తే నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. వేళ్ల మీద లెక్కేసుకుని ‘ఐదొందల యాభై పైన’ అన్నాడు. అది తిన్నగా గీత గీస్తే వచ్చే దూరమనీ, రోడ్డు వంకరలు కలిపితే ఇంకా ఎక్కువనీ చెప్పాను. ‘అందుకే బస్సుకు రాత్రంతా పడుతుంది’ అన్నాడు. మ్యాపుల పాఠం వాడికి అప్పుడు అర్థమైంది, అదీ జిరాక్స్ కొట్టులో.

జిరాక్స్ కాగితాలివ్వడానికి ఆ బడి లోపలికి వెళ్తుంటాను. క్లాసు గోడ మీది తెలంగాణ పటంలో ఇంకా పది జిల్లాలే ఉన్నాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. ఒక్క ఉమ్మడి మహబూబ్‌నగరే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట అని ఐదుగా విడిపోయింది. ఈ పిల్లలకు ‘ఉమ్మడి జిల్లా’ అంటే పెద్దల నోట విన్న మాటే. తమ జిల్లా పేరే లేని పటం కింద కూర్చుని జిల్లాల పాఠం చదువుతున్నారు.

జనాభా పాఠమూ ఇలాగే ఉంది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 40 లక్షల 53 వేల మంది, విస్తీర్ణం 18,432 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు సుమారు 220 మంది. రాష్ట్రం మొత్తానికి 312, హైదరాబాద్ జిల్లాకైతే 18 వేల పైమాటే. పిల్లలు దీన్ని ‘మన దగ్గర జనసాంద్రత తక్కువ’ అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఎందుకు తక్కువో అడిగేవాళ్లు లేరు. పదెకరాల చెలకలో నాలుగెకరాలు గుట్టే అయితే, పదికీ కలిపి ఎకరాకు సగటు దిగుబడి చెబితే రైతు నవ్వుతాడు. ఇక్కడా అంతే. నల్లమలలో పులులుండే అమ్రాబాద్ అడవికీ, కిక్కిరిసిన మహబూబ్‌నగర్ టౌనుకూ కలిపి కట్టిన సగటు అది.

అడవి సంగతి అలా ఉంచి, వలస సంగతి చూడండి. జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా, అంటే ఆ రోజుకు ఉన్న జనాభాగా లెక్క చూపే తేదీగా పెట్టారు. మనుషుల లెక్క ఫిబ్రవరిలో తీస్తారు. ఫిబ్రవరిలో మా తండాలకు వస్తే సగం ఇళ్లకు తాళాలు, మిగతా సగంలో ముసలివాళ్లూ బడి పిల్లలూ కనిపిస్తారు. గణన జరిగే రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను ఉన్నచోటే రాయడం 2011లో పద్ధతి. ఈసారీ అంతే అయితే ఆ పిల్లవాడి అమ్మానాన్నలు పుణె లెక్కలో పడతారు, అదీ ఏ కట్టడం దగ్గరి రేకుల షెడ్డుకో లెక్క రాసే ఎన్యూమరేటర్ వెళ్తేనే. రేపు పుస్తకంలో అచ్చయ్యే సాంద్రతలో వాళ్ల వంతు ఎక్కడుంటుందో టీచర్లు క్లాసులో అడిగిస్తే బాగుండు. లెక్క తీయడానికి వెళ్లేవాళ్లలో చాలామంది టీచర్లే కదా.

విద్యాశాఖ వారిని కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి హైస్కూల్‌కు మండలాలు, వాగులు, చెరువులు కనిపించేంత పెద్ద జిల్లా పటం ఒకటి ఇవ్వండి. దాని కింద స్కేలు తప్పకుండా ఉండాలి. పది జిల్లాల పాత పటాలు గోడల మీంచి దించండి. పాయింటింగ్ ప్రశ్నల్లో ఒక్కటైనా సొంత జిల్లా మీద అడగండి. అలా అడిగితే నాలాంటి కొట్లకూ ఆ మ్యాపులు వస్తాయి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుట్‌లైన్ మ్యాపు కావాలని పోయిన వారం హైదరాబాద్ హోల్‌సేల్ షాపులో అడిగాను. ‘అది ఎవరూ అడగరన్నా, ఇండియాదో ప్రపంచానిదో తీసుకుపో’ అన్నాడు.

– ఒక పాఠకుడు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా